ప్రతిభా, అవసరమా? ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో జట్లు దేనికి ఓటెయ్యాలి?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, 2024 మార్చిలో అట్లాంటా ఫాల్కన్స్ జట్టు, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ కిర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకి 18 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అందులో 10 కోట్లు గ్యారంటీ. నెలన్నర తిరిగేసరికి, కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ వచ్చింది. ఎనిమిదో పిక్ (ఎంపిక) దగ్గర ఫాల్కన్స్ వంతు. అప్పటికి ఒక్క డిఫెన్స్ ఆటగాడిని కూడా ఎవరూ తీసుకోలేదు. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకి పడగొట్టే ఎడ్జ్ రషర్ ఫాల్కన్స్‌కి ఎంత అవసరమో ఊరంతా తెలుసు. అయినా వాళ్లు మైకేల్ పెనిక్స్ జూనియర్ పేరు చదివారు. అతనూ క్వార్టర్‌బ్యాకే.

ఆ రాత్రి మొదలైన వాదన ఇంకా తెగలేదు. బోర్డు మీద, అంటే జట్టు ముందే కట్టుకున్న ఆటగాళ్ల ర్యాంకుల జాబితాలో, పైనున్నవాడిని తీసుకోవాలా, జట్టులో ఖాళీ ఉన్నచోటికి మనిషిని తెచ్చుకోవాలా? ప్రతి ఏప్రిల్‌లో 32 జట్లూ ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఉంటూ కౌబాయ్స్‌ని సొంత జట్టు చేసుకున్న మన తెలుగువాళ్లు కూడా ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో ఇదే తేల్చుకుంటూ ఉంటారు. రెండు దారుల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో, జరిగిన ఎంపికలు పక్కపక్కన పెట్టి చూద్దాం. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: మొదటి రెండు రౌండ్లలో ప్రతిభకే. అవసరాన్ని తూకం సరిసమానంగా ఉన్నప్పుడు మాత్రమే కాటాలో వెయ్యాలి. క్వార్టర్‌బ్యాక్ విషయంలో మాత్రం లెక్క వేరు.

ఐపీఎల్ వేలం అలవాటైనవాళ్లకి ఒక తేడా చెప్పాలి. వేలంలో డబ్బుంటే ఎవరి కోసమైనా ఏ జట్టైనా పాడవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పాట లేదు, వంతు ఉంటుంది. 1936 నుంచీ ఇదే పద్ధతి. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకి మొదటి పిక్, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన జట్టుకి ఆ రౌండ్‌లో చివరి పిక్. మొత్తం ఏడు రౌండ్లు, గురువారం నుంచి శనివారం దాకా. మీ వంతు వచ్చేలోపు మీరు అనుకున్నవాడిని వేరేవాళ్లు ఎగరేసుకుపోతే చెయ్యగలిగింది లేదు. కాబట్టి ఇక్కడ ప్రశ్న ఎప్పుడూ "మాకు ఎవరు కావాలి" కాదు, "మిగిలినవాళ్లలో ఎవరిని తీసుకోవాలి" అన్నదే.

ప్రతిభకే ఓటు వేస్తే

1996లో క్లీవ్‌లాండ్ నుంచి బాల్టిమోర్‌కి తరలివచ్చిన రేవెన్స్‌కి అదే మొదటి డ్రాఫ్ట్. నాలుగో పిక్ వాళ్లది. యజమాని ఆర్ట్ మోడెల్‌కి బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ లారెన్స్ ఫిలిప్స్ కావాలి. జట్టులో అక్కడ నిజంగానే ఖాళీ ఉంది. డ్రాఫ్ట్ బాధ్యత చూస్తున్న ఆజీ న్యూసమ్ బోర్డు మీద మాత్రం ఫిలిప్స్ కంటే పైన జోనథన్ ఆగ్డెన్ అనే లెఫ్ట్ టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమ పక్కన కాపలా కాసేవాడు) పేరుంది. లెఫ్ట్ టాకిల్‌గా ఆడటానికి జట్టులో అప్పటికే ఒకాయన ఉన్నాడు. అయినా న్యూసమ్ బోర్డుకే కట్టుబడి ఆగ్డెన్‌ని తీసుకున్నాడు. మొదటి ఏడాది అతన్ని పక్క స్థానంలో, లెఫ్ట్ గార్డుగా ఆడించారు. అదే రోజు 26వ పిక్‌తో రే లూయిస్ అనే డిఫెన్స్ ఆటగాడిని, లైన్‌బ్యాకర్‌ని, తీసుకున్నారు. ఇద్దరూ మేటి ఆటగాళ్లకి మాత్రమే దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లారు. ఫిలిప్స్‌ని ఆరో పిక్‌తో రామ్స్ తీసుకుంది, అతను అక్కడ రెండు సీజన్లు కూడా పూర్తి చెయ్యలేదు. రేవెన్స్ 2000 సీజన్‌లో సూపర్ బౌల్ గెలిచింది. ఇప్పటికీ ఆ జట్టు ఆఫీసులో "బోర్డుని నమ్ముకోండి" అన్న పద్ధతే నడుస్తోంది.

1998లో మిన్నెసోటా వైకింగ్స్ చేసింది ఇంకా ధైర్యమైన పని. వాళ్లకి క్రిస్ కార్టర్, జేక్ రీడ్ అని, విసిరిన బంతి అందుకునే ఇద్దరు రిసీవర్లున్నారు. ఇద్దరూ అంతకుముందు సీజన్‌లో వెయ్యి గజాలు దాటినవాళ్లే. రిసీవర్ అవసరం ఏ కోశానా లేదు. మైదానం బయటి గొడవల వల్ల చాలా జట్లు వద్దనుకున్న ర్యాండీ మాస్ 21వ పిక్ దాకా జారి వచ్చాడు. వైకింగ్స్ తీసుకుంది. ఆ ఏడాది అతను 17 టచ్‌డౌన్లు (గోల్ గీత దాటించిన స్కోర్లు) పట్టాడు, జట్టు 15 గెలిచి ఒక్కటే ఓడింది, 556 పాయింట్లతో అప్పటికి లీగ్ రికార్డు పెట్టింది. ఉన్న బలానికే ఇంకో బలం చేరితే ఎదుటి డిఫెన్స్ ఎవరిని కాయాలో తెలియక చిందరవందర అవుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంకొకటి కౌబాయ్స్ అభిమానులకి బాగా గుర్తుండేది. 2020 వసంతంలో, ఎదుటి రిసీవర్లని కాసే కార్నర్‌బ్యాక్ బైరన్ జోన్స్ మయామీకి వెళ్లిపోయాడు. డిఫెన్స్‌లో పెద్ద కన్నం పడింది. రిసీవర్ అమారి కూపర్‌తో మాత్రం అప్పుడే ఐదేళ్ల కొత్త ఒప్పందం రాసుకున్నారు, మైకేల్ గాలప్ కూడా ఉన్నాడు. 17వ పిక్ దగ్గర సీడీ ల్యామ్ ఇంకా మిగిలి ఉన్నాడు. అంత కిందికి వస్తాడని ఎవరూ అనుకోలేదు. జట్టు రిసీవర్‌నే తీసుకుంది. కార్నర్‌బ్యాక్ సంగతి మర్నాడు రెండో రౌండ్‌లో చూసుకుంది: 51వ పిక్‌తో ట్రెవాన్ డిగ్స్. మరుసటి సీజన్‌లో డిగ్స్ 11 ఇంటర్‌సెప్షన్లు చేశాడు, అంటే ఎదుటివాళ్లు విసిరిన బంతిని 11 సార్లు లాక్కున్నాడు. 2022 మార్చిలో కూపర్‌ని క్లీవ్‌లాండ్‌కి పంపేశారు, 2023లో ల్యామ్ 1,749 గజాలు సాధించాడు. 2020లో "అక్కర్లేదు" అనుకున్న రిసీవరే ఆ జట్టుకి ఆధారమయ్యాడు.

అవసరం అన్నది ఇలా మారిపోతుంది. మొదటి రౌండ్ ఆటగాడి ఒప్పందం నాలుగేళ్లు, జట్టు కావాలనుకుంటే ఐదో ఏడాది కూడా పొడిగించుకోవచ్చు. ఈ లోపు జట్టులో సగం మంది మారిపోతారు. ఒకడి మోకాలు పోతుంది, ఇంకొకడి జీతం భరించలేక వదిలేస్తారు, మరొకడికి 30 ఏళ్లు దాటి వేగం తగ్గుతుంది. ఏప్రిల్‌లో కనిపించిన ఖాళీని చూసి ఐదేళ్ల ఎంపిక చేస్తే లెక్క తప్పడానికే ఎక్కువ అవకాశం.

కానీ ప్రతిభ దారిలో ఒక గుంత ఉంది. అది డెట్రాయిట్ లయన్స్‌ని మింగేసింది. 2003లో రెండో పిక్‌తో చార్లెస్ రోజర్స్, 2004లో ఏడో పిక్‌తో రాయ్ విలియమ్స్, 2005లో పదో పిక్‌తో మైక్ విలియమ్స్. మూడేళ్లు వరసగా మొదటి రౌండ్‌లో రిసీవర్లే. రోజర్స్ గాయాలతో, సస్పెన్షన్‌తో మొత్తం 15 మ్యాచ్‌లే ఆడాడు. మైక్ విలియమ్స్ తర్వాత వెంటనే, 11వ పిక్‌తో డల్లాస్ తీసుకున్న డిమార్కస్ వేర్ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. 2007లో లయన్స్ నాలుగోసారి రిసీవర్‌నే తీసుకుంది, కాల్విన్ జాన్సన్. అతను నిజంగా మహా ఆటగాడే, అతనూ హాల్ ఆఫ్ ఫేమరే. అయినా 2008లో జట్టు 16 మ్యాచ్‌లకి 16 ఓడింది. బంతి విసిరేవాడు, అతన్ని కాపాడే లైను, ఎదుటివాళ్లని ఆపే డిఫెన్స్ లేకుండా రిసీవర్ ఎంత గొప్పవాడైనా ఏం చేస్తాడు?

లయన్స్ తప్పు ప్రతిభని నమ్మడంలో లేదు. తమ అంచనా ఖాయం అనుకోవడంలో ఉంది. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్, కేడ్ మాస్సీతో కలిసి డ్రాఫ్ట్ లెక్కలన్నీ తిరగేశాడు. ఒకే పొజిషన్‌లో వెంటవెంటనే ఎంపికైన ఇద్దరిలో ముందు తీసుకున్నవాడు మెరుగ్గా తేలే అవకాశం సగానికి కాస్తే ఎక్కువ అని వాళ్ల లెక్కలో తేలింది. బొమ్మా బొరుసా వేసినదానికి పెద్ద దూరం లేదన్నమాట. కాబట్టి "మా బోర్డులో ఇతను 9, అతను 11" అనే మాటకి అంత బరువు లేదు. 9కీ 30కీ మధ్య తేడా నిజం. 9కీ 11కీ మధ్య తేడా దాదాపు భ్రమ. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పని పడుతుంది.

అవసరానికే ఓటు వేస్తే

అవసరం చూసి ఎంచుకోవడం తెలివితక్కువ పని అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అది అన్యాయం. 2023 హ్యూస్టన్ టెక్సన్స్‌ని చూడండి. అంతకుముందు ఏడాది మూడే గెలిచిన జట్టు. వాళ్లకి క్వార్టర్‌బ్యాకూ లేడు, ఎడ్జ్ రషరూ లేడు. రెండో పిక్‌తో సీజే స్ట్రౌడ్‌ని తీసుకున్నారు. వెంటనే అరిజోనాతో ట్రేడ్ చేసుకుని మూడో పిక్‌తో విల్ ఆండర్సన్‌ని తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో 10 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, ఆఫెన్స్‌లోనూ డిఫెన్స్‌లోనూ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డులు ఈ ఇద్దరికే వచ్చాయి. అవసరమూ ప్రతిభా ఒకే పేరు మీద కలిసిన సందర్భం ఇది. అలా కలిసినప్పుడు ఆలోచించాల్సిన పనే లేదు.

చిక్కంతా కలవనప్పుడు. అప్పుడు అవసరం చేసే చెడ్డపని ఒకటుంది: కళ్లకి గంతలు కడుతుంది. స్కౌట్లు ఏడాదంతా కాలేజీ మ్యాచ్‌లు చూసి మార్కులు వేస్తారు. ఇండియానాపొలిస్‌లో కంబైన్ అనే పరీక్షల శిబిరం జరుగుతుంది, 40 గజాల పరుగు, మెడికల్ రిపోర్టులు, ఇంటర్వ్యూలు. ఇన్నింటి తర్వాత ఒక రిసీవర్ రెండో రౌండ్ ఆటగాడని తేలిందనుకుందాం. అదే సమయంలో కోచ్ "నాకు రిసీవర్ లేకపోతే ఈ ఏడాది గడవదు" అంటాడు. మర్నాటి మీటింగ్‌లో అదే రిసీవర్‌లో ఇంతకుముందు కనపడని సుగుణాలు కనపడటం మొదలవుతుంది. ఎవరూ కావాలని అబద్ధం ఆడరు. టెన్షన్‌లో ఉన్న మనిషి కళ్లు అలా పనిచేస్తాయి. దీన్నే అక్కడివాళ్లు "రీచ్" అంటారు, అంటే అందనిదాని కోసం చెయ్యి చాచడం.

2020లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి రిసీవర్ కావాలి. అందులోనూ బాగా వేగంగా పరిగెత్తేవాడు కావాలి. 21వ పిక్‌తో జేలెన్ రేగర్‌ని తీసుకున్నారు. 22వ పిక్‌తో వైకింగ్స్ జస్టిన్ జెఫర్సన్‌ని తీసుకుంది. జెఫర్సన్ మొదటి సీజన్‌లోనే 1,400 గజాలు కొట్టాడు. రేగర్‌ని రెండేళ్లకే వదిలించుకున్నారు, అదీ వైకింగ్స్‌కే. ఇక్కడ పొజిషన్ తప్పు కాదు, ఇద్దరూ రిసీవర్లే. "మాకు ఫలానా రకం రిసీవర్ కావాలి" అని అవసరాన్ని మరీ సన్నగా గీసుకోవడం వల్ల పక్కనే ఉన్న మంచి ఆటగాడు ఆ గీతకి బయట పడిపోయాడు.

అందుకే నా సలహా: బోర్డు పూర్తిగా కట్టేదాకా అవసరం అనే మాట ఆ గదిలో రాకూడదు. బోర్డు కట్టి, తాళం వేసి, ఆ తర్వాతే ఖాళీల జాబితా తియ్యాలి. బాగా నడిచే జట్లు ఇంకో పని కూడా చేస్తాయి. డ్రాఫ్ట్‌కి ముందు మార్చిలో, ఒప్పందం అయిపోయినవాళ్లు ఏ జట్టుకైనా వెళ్లగలిగే ఫ్రీ ఏజెన్సీ మొదలవుతుంది. ఘోరంగా ఉన్న ఖాళీల్లో, స్టార్ కాకపోయినా పని నడిపించే ఒక అనుభవజ్ఞుడిని ఒకటి రెండేళ్ల ఒప్పందంతో అప్పుడే తెచ్చి పెట్టేసుకుంటాయి. అలా చేస్తే ఏప్రిల్‌లో వాళ్ల గొంతు మీద కత్తి ఉండదు. డ్రాఫ్ట్ రాత్రి ప్రతిభకి ఓటెయ్యగలిగే స్వేచ్ఛ మార్చిలోనే సంపాదించుకోవాలి.

సిన్సినాటి కథ

ఈ రెండు దారులూ నిజంగా ఢీకొన్న సందర్భం ఒక్కటి చెప్పమంటే నేను 2021 సిన్సినాటి బెంగాల్స్ పేరే చెబుతాను. అంతకుముందు ఏడాది మొదటి పిక్‌తో తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు పదో మ్యాచ్‌లో చితికిపోయింది. ముందు నిలబడి కాపాడాల్సిన ఆఫెన్సివ్ లైన్ బలహీనంగా ఉంది. ఐదో పిక్ వచ్చేసరికి ఇద్దరు మిగిలారు. ఒరెగాన్ నుంచి పెనే సూవెల్, ఆ ఏడాది అందరికంటే మంచి టాకిల్. ఎల్‌ఎస్‌యూ కాలేజీలో బరోతో కలిసి ఆడిన రిసీవర్ జమార్ చేజ్.

మోకాలి ఆపరేషన్ అయిన కుర్రాడికి కాపలా పెట్టాలా, బంతి అందుకునేవాడిని ఇవ్వాలా? చాలామంది సూవెల్ అనే అన్నారు. బెంగాల్స్ చేజ్‌ని తీసుకుంది. చేజ్ 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు చేశాడు, ఆఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డూ అతనికే. జట్టు సూపర్ బౌల్‌కి వెళ్లింది. ఇంకేం, ప్రతిభ గెలిచింది అనుకోవచ్చు. కానీ ఆ సీజన్‌లో బరోని 51 సార్లు పడగొట్టారు, లీగ్‌లో అదే ఎక్కువ. టెనెసీతో ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఒక్కదాంట్లోనే 9 సార్లు.

సూపర్ బౌల్ చివర్లో ఏం జరిగిందో చూడండి. లాస్ ఏంజెలెస్ రామ్స్ 23, బెంగాల్స్ 20. నిమిషం లోపే మిగిలింది. బెంగాల్స్ మైదానం సగానికి వచ్చేసింది. నాలుగో ప్రయత్నం, అదే ఆఖరిది, కావాల్సింది ఒక్క గజం. బంతి బరో చేతికి వచ్చింది. చేజ్, తనని కాస్తున్న జేలెన్ రామ్సీని దాటేసి ఖాళీ మైదానంలోకి పరిగెత్తాడు. బంతి అక్కడికి వెళ్లి ఉంటే కప్పు సిన్సినాటిదే అని ఇప్పటికీ అంటారు. కానీ బరో తలెత్తి చూసేలోపే ఆరన్ డోనల్డ్ లైన్‌ని చీల్చుకుని వచ్చి అతన్ని పట్టుకుని తిప్పేశాడు. బంతి నేలపాలైంది. వాళ్లు ఎంచుకున్న ప్రతిభా, వదులుకున్న అవసరమూ రెండూ ఆ ఒక్క ఆటలోనే కనపడ్డాయి.

మరి తప్పు చేశారా? నా లెక్కలో ఐదో పిక్ దగ్గర చేసింది తప్పు కాదు. తప్పు ఆ తర్వాత జరిగింది. రెండో రౌండ్‌లో వెనక్కి జరిగి, 46వ పిక్‌తో జాక్సన్ కార్మన్ అనే లైన్‌మ్యాన్‌ని తీసుకున్నారు, అతను నిలదొక్కుకోలేకపోయాడు. ఆ ఖాళీకి సీజన్ మొదలయ్యేలోపు సరైన మందు పడలేదు. మరుసటి వసంతంలో ముగ్గురు లైన్‌మ్యాన్లని ఫ్రీ ఏజెన్సీలో తెచ్చుకున్నారు. అదే పని ఒక ఏడాది ముందు చేసి ఉంటే? చేజ్ మాత్రం 2024లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. ఏడో పిక్‌తో డెట్రాయిట్‌కి వెళ్లిన సూవెల్ లీగ్‌లోని ఉత్తమ టాకిల్స్‌లో ఒకడయ్యాడు. ఇద్దరూ అంత గొప్పగా తేలినప్పుడు ఏది తీసుకున్నా నష్టం లేదు. నష్టం వచ్చేది, టాకిల్ కావాలి కాబట్టి సూవెల్ లాంటివాడు లేని ఏడాది కూడా టాకిల్‌నే తీసుకున్నప్పుడు.

క్వార్టర్‌బ్యాక్‌కి వేరే కాటా

మిగతా పొజిషన్లకి చెప్పినదేదీ ఇక్కడ పూర్తిగా వర్తించదు. ఆఫెన్స్‌లో దాదాపు ప్రతి బంతీ ఇతని చేతిలోంచే వెళ్తుంది. సరైనవాడు దొరికితే పదిహేనేళ్లు నిశ్చింత. దొరక్కపోతే చుట్టూ ఎంతమంది మేటి ఆటగాళ్లున్నా సగం దూరమే వెళ్తారు. 2024లో లాస్ వేగాస్ రైడర్స్‌కి క్వార్టర్‌బ్యాక్ కావాలి. 12వ పిక్ అయ్యేసరికి ఆరుగురు వెళ్లిపోయారు. 13వ పిక్‌తో వాళ్లు బోర్డు మీద పైనున్న టైట్ ఎండ్ (కాపలా కాస్తూ బంతి కూడా అందుకునేవాడు) బ్రాక్ బవర్స్‌ని తీసుకున్నారు, అంతకుముందు ఏడాదే రెండో రౌండ్‌లో ఒక టైట్ ఎండ్‌ని తీసుకుని కూడా. బవర్స్ 112 క్యాచ్‌లు పట్టాడు, కొత్త ఆటగాడికి అది లీగ్ రికార్డు. జట్టు గెలిచింది నాలుగే. ఎంపిక సరైనదే. కానీ అతనికి బంతి విసిరేవాడు లేకపోతే ఫలితం ఇంతే.

దీనికి రెండో వైపు, క్వార్టర్‌బ్యాక్ ఉండగానే ఇంకొకరిని తీసుకోవడం. 2005లో గ్రీన్‌బే ప్యాకర్స్‌కి బ్రెట్ ఫార్వ్ ఉన్నాడు. ఆరన్ రాజర్స్ న్యూయార్క్‌లో కెమెరాల ముందు గంటల తరబడి కూర్చుని 24వ పిక్ దాకా జారాడు. కొత్తగా వచ్చిన జనరల్ మేనేజర్ టెడ్ థాంప్సన్ తీసుకున్నాడు. రాజర్స్ మూడేళ్లు బెంచీ మీదే ఉన్నాడు. తర్వాత ఒక సూపర్ బౌల్, నాలుగు ఎంవీపీలు (లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డులు). 2017లో కాన్సస్ సిటీ చీఫ్స్‌కి అలెక్స్ స్మిత్ ఉన్నాడు, అంతకుముందు సీజన్‌లో 12 గెలిచిన జట్టు. అయినా 27 నుంచి పదో స్థానానికి ఎగబాకి, మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్ కూడా ఇచ్చేసి పాట్రిక్ మహోమ్స్‌ని తెచ్చుకున్నారు. ఒక ఏడాది కూర్చోబెట్టారు. 2018లో అతను 50 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి ఎంవీపీ అయ్యాడు.

అదే ప్యాకర్స్ 2020లో మళ్లీ అదే చేసింది. సూపర్ బౌల్‌కి ముందుండే కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వచ్చి ఓడిన జట్టు, రిసీవర్ కావాలని అభిమానులు మొత్తుకుంటున్నారు. ముందుకి ఎగబాకి మరీ జోర్డన్ లవ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. దానికి రాజర్స్ రెండేళ్లు వరసగా ఎంవీపీ అయి జవాబిచ్చాడు, కానీ జట్టు ఆ రెండేళ్లూ సూపర్ బౌల్‌కి వెళ్లలేదు. 2023 సీజన్‌లో లవ్ పగ్గాలు పట్టుకుని డల్లాస్‌ని వాళ్ల మైదానంలోనే 48-32తో ఓడించాడు. ఆ మ్యాచ్ చూసిన మన కౌబాయ్స్ వాళ్లకి ఇది తీపి జ్ఞాపకం కాదు. ఇది సరైన ఎంపికా? భవిష్యత్తు పరంగా అవును. కానీ రాజర్స్ చేతిలో మిగిలిన మంచి ఏళ్లలో ఒక రిసీవర్ ఇచ్చి ఉంటే ఇంకో కప్పు వచ్చేదేమో అన్న బాధ న్యాయమైనదే. నేను ఆ బాధ పక్కనే నిలబడతాను.

ఇప్పుడు ఫాల్కన్స్ దగ్గరికి వద్దాం. వాళ్ల ఎంపికలో నన్ను కలవరపెట్టేది పెనిక్స్ కాదు. మార్చిలో 10 కోట్ల గ్యారంటీ ఇచ్చి, ఏప్రిల్‌లో పెనిక్స్‌ని తీసుకోవడం. ఈ రెండిట్లో ఏ ఒక్కటి చేసినా సమర్థించవచ్చు. రెండూ చేస్తే, కొత్త క్వార్టర్‌బ్యాక్ చవగ్గా దొరికే నాలుగేళ్ల లాభం పోతుంది, పాస్ రష్ ఖాళీ అలాగే ఉంటుంది. అలాగే ఉంది కూడా. ఆ సీజన్‌లో ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌లని పడగొట్టడంలో ఫాల్కన్స్ లీగ్‌లో అట్టడుగు వరుసలో నిలిచింది. డిసెంబర్‌లో కజిన్స్‌ని బెంచీకి పంపి పెనిక్స్‌ని దింపారు.

డబ్బు లెక్క

చవక అన్నాను కదా, అది కొంచెం వివరిస్తాను, ఎందుకంటే ప్రతిభ–అవసరం వాదనలో దీన్ని చాలామంది వదిలేస్తారు. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకి 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం. 2011లో కొత్త నియమాలు వచ్చాయి, ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి సుమారు 2.2 కోట్లు. అప్పటినుంచి కొత్త ఆటగాడి జీతం అతను ఎన్నో పిక్ అన్నదాని మీదే ఆధారపడుతుంది, ఏ పొజిషన్ అన్నదాని మీద కాదు. మార్కెట్‌లో మాత్రం క్వార్టర్‌బ్యాక్, ఎడ్జ్ రషర్, టాకిల్, రిసీవర్, కార్నర్‌బ్యాక్ చాలా ఖరీదు. రన్నింగ్ బ్యాక్, గార్డు, సేఫ్టీ అంతకంటే చవక. కాబట్టి ఐదో పిక్‌తో ఎడ్జ్ రషర్‌ని తెస్తే జట్టుకి మిగిలే డబ్బు వేరు, రన్నింగ్ బ్యాక్‌ని తెస్తే మిగిలేది వేరు.

2018లో న్యూయార్క్ జయంట్స్ రెండో పిక్‌తో రన్నింగ్ బ్యాక్ శాక్వాన్ బార్క్‌లీని తీసుకుంది. ఆటగాడిగా అంచనా నూటికి నూరు శాతం నిజమైంది: మొదటి ఏడాదే పరుగు, క్యాచ్ కలిపి 2,028 గజాలు. జట్టు గెలిచింది ఐదే. లైన్ బాగా లేదు, క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్‌కి 37 ఏళ్లు. ఆరేళ్ల తర్వాత అదే బార్క్‌లీ, లైన్ అద్భుతంగా ఉన్న ఈగల్స్‌కి వెళ్లి 2,005 గజాలు పరిగెత్తి సూపర్ బౌల్ గెలిచాడు. అన్నీ అమరిన జట్టుకి రన్నింగ్ బ్యాక్ చివరి ఇటుక, పునాది లేని జట్టుకి అది మొదటి ఇటుక కాలేదు. బోర్డు మీద ఎవరు పైన అన్నది లెక్కేసేటప్పుడే పొజిషన్ విలువ కూడా అందులో కలిపి ఉండాలి. లేకపోతే "ఉత్తమ ఆటగాడు" అన్న మాటకి అర్థం సగమే.

అయితే మీ జట్టు ఏం చెయ్యాలి?

ఇందాక 9కీ 11కీ తేడా భ్రమ అన్నాను కదా. దాన్నే పద్ధతిగా మారిస్తే, ఆటగాళ్లని ఒకటి రెండు మూడు అని కాకుండా మెట్లుగా పేర్చుకోవాలి. పై మెట్టు మీద ఆరుగురు, కింద మెట్టు మీద పన్నెండుమంది, ఇలా. మీ వంతు వచ్చినప్పుడు పై మెట్టు మీద ఒక్కడే మిగిలితే, ఏ పొజిషన్ అయినా సరే, అతన్నే తీసుకోండి. అదే మెట్టు మీద నలుగురుంటే అప్పుడు ఖాళీల జాబితా తీసి, అవసరానికి తగినవాడిని ఎంచుకోండి. మెట్టు దిగి మాత్రం అవసరం కోసం వెళ్లకండి. ఒకే మెట్టు మీద చాలామంది ఉండి, వాళ్లలో ఎవరైనా పరవాలేదనిపిస్తే వెనక్కి ట్రేడ్ చేసి ఇంకో పిక్ సంపాదించడం మేలు. కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ 1990ల మొదట్లో వాడిన పట్టికలో మొదటి పిక్ 3,000 పాయింట్లు, 32వది 590. చాలా ఏళ్లు లీగ్ అంతా ఆ లెక్కతోనే బేరాలాడింది. థేలర్, మాస్సీ తేల్చిందేమిటంటే పైన ఉన్న పిక్‌లకి జట్లు ఇవ్వాల్సినదానికంటే ఎక్కువే ఇస్తున్నాయి. అంటే అమ్మేవాడికే లాభం. క్వార్టర్‌బ్యాక్ కోసం తప్ప ఎగబాకడం నాకు ఇష్టం ఉండదు.

జట్టు పరిస్థితిని బట్టి కాటా కొంచెం వంగవచ్చు. నాలుగైదు మ్యాచ్‌లు మాత్రమే గెలిచి, కొత్త కోచ్ వచ్చిన జట్టుకి అవసరం అన్న మాటే అనవసరం, ఎందుకంటే ఖాళీ లేని చోటే లేదు. వాళ్లు కళ్లు మూసుకుని ప్రతిభ వెంట వెళ్లాలి. క్వార్టర్‌బ్యాక్‌కి 36, 37 ఏళ్లు వచ్చి, ఒకటి రెండేళ్లలోనే కప్పు కొట్టాల్సిన జట్టుకి అవసరం బరువు పెరుగుతుంది. వాళ్లు కూడా మొదటి ఏడాది నుంచే పనికొచ్చే పొజిషన్‌లోనే అవసరం చూసుకోవాలి. రన్నింగ్ బ్యాక్, రిసీవర్ త్వరగా అందుకుంటారు. బవర్స్ లాంటి అరుదైనవాళ్లని పక్కన పెడితే టైట్ ఎండ్‌లకి, చాలామంది టాకిల్స్‌కి టైం పడుతుంది. ఈ ఏడాది కన్నం పూడ్చడానికి రెండేళ్లకి గాని ఎదగనివాడిని తెస్తే రెండు రకాలా నష్టమే.

అవసరాన్ని చూసేటప్పుడు ఈ ఏడాది పట్టికొకటే చూడకండి. వచ్చే ఏడాది ఎవరి ఒప్పందం అయిపోతోంది, ఎవరికి వయసు మీద పడుతోంది అన్నదీ రాసుకోండి. ఆ పట్టికతో చూస్తే, ఈరోజు "అక్కర్లేని" ఎంపికలు చాలావరకు రేపటి అవసరాలే.

శనివారం, నాలుగో రౌండ్ దాటాక, కథ మారిపోతుంది. అక్కడ మిగిలినవాళ్ల మధ్య తేడా చాలా చిన్నది, కాబట్టి కిక్‌ల సమయంలో దిగే స్పెషల్ టీమ్స్‌లో ఆడగలవాడు, బ్యాకప్ గార్డు అంటూ అవసరం చూసుకోవడంలో తప్పులేదు. అక్కడ కూడా నేను ఒక్క మినహాయింపు పెడతాను. బోర్డు మీద ఒక పేరు అందరికంటే బాగా పైన ఒంటరిగా మిగిలిపోతే, చోటు లేకపోయినా తీసుకోండి. 2000లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కి డ్రూ బ్లెడ్సో ఉన్నాడు, వెనక ఇంకో ఇద్దరున్నారు. 199వ పిక్‌తో నాలుగో క్వార్టర్‌బ్యాక్‌గా టామ్ బ్రేడీని తీసుకుని, నలుగురినీ జట్టులో ఉంచుకున్నారు.

ఆఫీసు వాళ్లతో ఫ్యాంటసీ లీగ్ ఆడేవాళ్లకి ఒక మాట. పై పద్ధతిలో చాలావరకు మీకూ పనికొస్తుంది, మెట్లుగా పేర్చుకోవడం మరీ ముఖ్యంగా. కానీ ఫ్యాంటసీలో ఆటగాడు మీతో ఉండేది ఆ ఒక్క సీజనే, నాలుగేళ్ల లెక్క లేదు. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే ఆడతాడు కాబట్టి ఆ పొజిషన్ కోసం మొదటి రౌండ్ ఖర్చుపెట్టక్కర్లేదు. మొదటి ఐదారు రౌండ్లు రన్నింగ్ బ్యాక్‌లు, రిసీవర్లలో ప్రతిభనే చూసుకోండి. మీ వంతుకీ మళ్లీ మీ వంతుకీ మధ్య ఎంతమంది ఎంచుకుంటారో లెక్కపెట్టి, ఈ లోపు ఏ పొజిషన్‌లో మెట్టు ఖాళీ అయిపోతుందో ఊహించి, ఆ పొజిషన్‌ని ముందు తీసుకోండి. కిక్కర్‌ని మాత్రం చివరి రౌండ్ దాకా ముట్టుకోకండి.